పిల్లలనేసుకొని యాడికి?

2020 మార్చి 24 రాత్రి ఎనిమిదింటికి ప్రధానమంత్రి టీవీలో మాట్లాడుతుంటే మేము నార్సింగి అవతల ఒక అపార్ట్‌మెంట్ సైటు పక్కన రేకుల షెడ్డులో ఉన్నం. వాచ్‌మన్ ఫోన్ చుట్టూ మూగి చూసినం. కరోనా లాక్‌డౌన్ అని, ఆ అర్ధరాత్రి నుంచి 21 రోజులు ఎవరూ ఇంటి గడప దాటొద్దన్నడు. మా షెడ్డుకు గడప లేదు. సిమెంటు సంచులు కలిపి కుట్టిన పరదా ఉండె.

మా ఇంటాయనది సెంట్రింగ్ పని. నేను తట్టలు మోస్త. పదో తరగతి దాకా చదివిన గనుక హాజరీ పుస్తకం రాసే పని కూడ మేస్త్రీ నాకే అప్పజెప్పిండు, దానికి వేరే కూలి లేదు. అప్పటికి మా పెద్దదానికి ఆరేండ్లు, చిన్నోనికి రెండున్నర. మాది మహబూబ్‌నగర్ దాటి, దేవరకద్ర అవతల ఒక పల్లె. పాలమూరు లేబర్ అంటే తెలియనోళ్ళుండరు. డ్యాముల కట్టలు, కాలువలు, రోడ్లు, ఎక్కడ మట్టి పని ఉంటే అక్కడికి గుంపు మేస్త్రీ అడ్వాన్సు చేతిలో పెట్టి తీస్కపోయేది. మా మామ బొంబాయి, పుణె అన్నీ తిరిగిండు. మేము హైదరాబాద్ దాటలే.

పిల్లలను ఊర్లో ముసలోళ్ళ దగ్గర ఇడిసి పనికొచ్చేటోళ్ళు ఉన్నరు, మాలెక్క చంకన వేసుకొని వచ్చేటోళ్ళు ఉన్నరు. మా అత్తమ్మకు కండ్లల్లో పొరలు. చిన్నోడు ఉరికితే ఆమె వెంటబడలేదు. బావులున్న ఊరు మాది. అందుకే తెచ్చుకున్నం. ఈ ముక్క ముందే ఎందుకు చెప్తున్ననంటే, తర్వాత దారి పొడుగునా కనబడ్డ ప్రతి మనిషీ మమ్మల్ని అడిగింది ఒక్కటే: "ఈ పిల్లలనేసుకొని యాడికి పోతున్నరు?" పోలీసు అడిగిండు, అన్నం పొట్లాలు పంచే పిల్లలు అడిగిన్రు, లారీ డ్రైవర్ హిందీలో అడిగిండు. ఎక్కడన్న పెట్టి రావాల్సిన సామాన్లను మేము మర్చిపోయి వెంట తెచ్చినట్టు అడిగేటోళ్ళు.

మొదటి వారం నెట్టుకొచ్చినం. బియ్యం ఉండె, పప్పు ఉండె. పిల్లలకైతే సైటు ఆగిపోవుడు పండుగే. ఇసుక కుప్ప మీద పొద్దంతా ఆడుకున్నరు, ఎవరూ లేవగొట్టలే. రెండో వారం నుంచి మేస్త్రీ ఫోన్ ఎత్తుడు మానిండు, తర్వాత స్విచాఫ్. వారం వారం ఖర్చులకిచ్చే డబ్బు ఆగింది. నీళ్ళ ట్యాంకర్ రోజు ఇడిసి రోజు వచ్చేది, తర్వాత అదీ అనుమానమే. సర్కారు వేరే రాష్ట్రాల నుంచి వచ్చిన వలస కూలీలకు మనిషికి 12 కిలోల బియ్యం, 500 రూపాయలు ఇస్తనన్నది. పేర్లు రాసుకునేటందుకు వచ్చినోళ్ళు మా ఆధార్ చూసి "మీరు ఇక్కడోళ్ళే గదా" అని మా పక్క షెడ్డుకు పోయిన్రు. అక్కడ ఒడిశా వాళ్ళుండె. తెల్ల కార్డున్నోళ్ళకు మనిషికి 12 కిలోలు, ఇంటికి 1500 అని కూడ అన్నరు. మా కార్డు ఊర్లో అత్తమ్మ పెట్టెలో ఉంది. నంబర్ చెప్తే ఏ షాపులోనైనా ఇస్తరన్నరని పోతే, దగ్గరి షాపాయన సరుకు అయిపోయిందన్నడు. పట్నంలో ఊరోళ్ళం, ఊర్లో పట్నపోళ్ళం. లైను ఏదైనా మేము తప్పు లైన్లోనే నిలబడ్డట్టు అయింది. ఆ ఒడిశా ఆమె తన బియ్యంలో నుంచి రెండు సేర్లు మాకు పోసింది. ఆమె మాట నాకు తెల్వదు, నా మాట ఆమెకు తెల్వదు.

ఏప్రిల్ 14న, లాక్‌డౌన్ మే 3 దాకా పొడిగించిన్రని తెలిసింది. ఆ రాత్రే మా ఇంటాయన పోదామన్నడు. నేను కాదనలే. పొద్దున కాదు, చల్లబడ్డంక బయలెల్లుదమని మాత్రం అన్న.

సర్దుకున్నదేందంటే: ఒడిశా ఆమె ఇచ్చిన బియ్యం, అటుకులు, బెల్లం, చక్కెర పొట్లం, ఉప్పు పొట్లం, ఒక గిన్నె, రెండు పెద్ద కూల్‌డ్రింక్ సీసాల నిండ నీళ్ళు, చిన్నోని బట్టలు, రెండు పాత చీరలు. చీరలు నేనే పట్టుబట్టి పెట్టిన. పరుచుకునేటందుకు, కప్పుకునేటందుకు, పిల్లాన్ని కట్టుకునేటందుకు, ఎండకు అడ్డం కట్టేటందుకు ఒక్క చీర చాలు. మా ఇంటాయన సుత్తె, మూలమట్టం తీస్కుంటనన్నడు. "ఆ బరువు బదులు ఇంకో సీసా నీళ్ళు పట్టు" అన్న. అలిగిండు గానీ, పట్టిండు.

ఔటర్ రింగు రోడ్డు మీదికి కాలినడకన ఎక్కనియ్యరు. కింద సర్వీసు రోడ్డు పట్టుకొని శంషాబాద్ దిక్కు నడిచినం. మాతోని ఇంకో మూడు కుటుంబాలు, పెండ్లికాని పిలగాండ్లు కొందరు ఉండె. మొదటి రాత్రే చీలిపోయినం. ఎవరి తప్పూ లేదు. పిల్లల్లేనోళ్ళు ఒక తీరు నడుస్తరు, పిల్లలున్నోళ్ళు ఇంకో తీరు. ముందు పోయేటోళ్ళు కొంత దూరం పోయి నిలబడి మా కోసం చూసేటోళ్ళు. మేము వాళ్ళను అందుకునే సరికి వాళ్ళ అలుపు తీరి మళ్ళ నడక మొదలుపెట్టేది. మాకేమో అప్పుడే కూసోవాలె. అట్ల రెండు మూడు సార్లయినంక "మీరు పోండ్రి" అని మేమే అన్నం.

పెద్దోళ్ళు నడిచి అలసిపోతరు. పిల్లలు అట్ల కాదు. మొదటి గంట మా పెద్దది మా కంటె ముందు ఉరికింది. వెనక్కొచ్చి మల్ల ఉరికింది, రాళ్ళేరింది, తమ్మున్ని ఏడిపించింది. మేమొక కిలోమీటరు నడిస్తే అది రెండు నడిచి ఉంటది. ఆ తర్వాత ఒక్కసారే, చెప్పకుండ చేయకుండ, రోడ్డు మీద కూసుంది. "కాళ్ళు నడుస్తలేవు" అన్నది. నొస్తున్నయా అంటే లేదన్నది. బతిమాలితే లేవలే, బెదిరిస్తే లేవలే. కాసేపయినంక దానంతట అదే లేచి మళ్ళ ఉరికింది. ఆ రోజు నుంచి నడక ఎప్పుడు ఆపాలె, ఎప్పుడు మొదలుపెట్టాలె అన్నది మా చేతిలో లేదు.

చిన్నోడైతే మోతే. వీపుకు చీరెతోని కట్టుకున్న. నేను రోజుకు వందల తట్టలు మోసినదాన్ని, పదకొండు కిలోల పిల్లోడు నాకు బరువు గావొద్దు. కానీ తట్ట నెత్తి మీద నిలబడుతది, పిల్లోడు నిలబడడు. లారీ వస్తే అటు తిరుగుతడు, కుక్క కనబడితే ఇటు వంగుతడు, నిద్రపోతే పక్కకు ఒరుగుతడు. నిద్రపోయిన పిల్లోడు మేల్కొన్న పిల్లోని కంటె బరువు. మూడు అంతస్తులు ఇటుకలు ఎక్కించిన రోజు కూడ నా నడుము అట్ల పట్టలే.

శంషాబాద్ ఫ్లైఓవర్ కింద పోలీసులుండె. మా ముందు పోయిన పిలగాండ్లను లాఠీ చూపి వెనక్కు కొట్టిన్రని తర్వాత తెలిసింది. వాళ్ళు పొలాలకు అడ్డంపడి పోయిన్రట. మమ్మల్ని కొట్టలే. ఒక చిన్న వయసు కానిస్టేబుల్ టార్చి చిన్నోని మొకం మీద కొట్టి, వెంటనే తీసేసిండు. "ఈ పిల్లలనేసుకొని యాడికి పోతున్నరమ్మా?" అన్నడు. దేవరకద్ర అన్న. ఎంత దూరమో ఆయనకు తెలుసు. జీపులో నుంచి అరటిపండ్లు తెచ్చి పెద్దదాని చేతిలో పెట్టి "రోడ్డు కొసకు నడువుండ్రి, లారీలు చూసుకోండ్రి" అన్నడు. పిల్లలే మా పాసు. పిల్లలుంటే లాఠీ లేవదని, పిల్లలుంటే పండు దొరుకుతదని ఆ రాత్రి అర్థమయింది. పిల్లలను ఎందుకు తెచ్చిన్రని అడిగినోళ్ళే పిల్లలను చూసి దారి ఇచ్చేది.

అక్కడి నుంచి బెంగుళూరు హైవే. దానికి 44 నంబర్. ఎప్పుడూ బస్సులో కిటికీ పక్కన కూసొని పోయిన రోడ్డు. బస్సులు, కార్లు లేవు. సరుకు లారీలు మాత్రం ఖాళీ రోడ్డు దొరికిందని ఎన్నడూ లేనంత స్పీడు మీద పోతుండె. లారీ పోయినప్పుడల్లా ఆ గాలికి పెద్దది రెండడుగులు పక్కకు తూలేది. దాన్ని లోపలి దిక్కు నడిపించి, నేను రోడ్డు దిక్కు నడిచిన. లారీ చప్పుడు వినబడినప్పుడల్లా నా కుడి చెయ్యి దాని ఎడమ రెక్క మీదికి పోయేది.

"ఇంకెంత దూరం" అన్న మాటకు మొదట మొదట అబద్ధాలు చెప్పిన. ఆ లైటు దాకా. ఆ చింతచెట్టు దాకా. లైటు దగ్గరికి పోయినంక అది నా మొకం చూసేది. అబద్ధాలు రెండు పూటలకే అయిపోయినయి. అప్పుడు కిలోమీటరు రాళ్ళు చూపిన. దానికి వంద దాకా అంకెలు వచ్చు. రాయి మీద అంకె తగ్గుతుంటే ఊరు దగ్గరికి వస్తున్నట్టు అని చెప్పిన. అది మస్తు పని చేసింది. రాయి కనబడంగనే ఉరికిపోయి అంకె చదివి వెనక్కొచ్చి చెప్పేది. నలభై దాకా తగ్గింది, ముప్పైలకు వచ్చింది. ఒక కాడ రాయి మీద అప్పటిదాకా ఉన్న ఊరి పేరు పోయి వేరే పెద్ద ఊరి పేరొచ్చింది. అంకె ఒక్కసారే పెరిగింది. పిల్ల ఆ రాయి ముందట కూసొని, "నువ్వు అబద్ధం చెప్పినవ్. మనం వెనక్కు పోతున్నం" అని ఏడ్చింది. రాయి సంగతి దానికి ఎట్ల చెప్పాలె? వాళ్ళ నాయిన దాన్ని భుజం మీద ఎక్కించుకొని చాలా దూరం మోసిండు. తర్వాత మళ్ళ అది రాళ్ళను చదవలే.

కొత్తూరు దగ్గర పిలగాండ్లు పులిహోర పొట్లాలు పంచుతున్నరు. మంచి పులిహోర. పిల్లలను ముందట నిలబెట్టి ఫోటో తీసుకుంటమన్నరు. నిలబెట్టిన. చిన్నోడు నవ్వలే, "జర నవ్వురా చిన్నా" అన్నరు. నాకు కోపం రాలే. ఆకలికి ఫోటోతోని పనిలేదు. ఆ ఫోటో ఎవరి ఫోన్లో ఉందో ఏమో, దొరికితే నాకు కావాలె. ఆ నడకలో పిల్లలు ఎట్లున్నరో చూపేటందుకు మా దగ్గర ఒక్క బొమ్మ లేదు.

పగలు పదింటికల్లా ఆగాలె. ఏప్రిల్ ఎండ పాలమూరు దిక్కు ఎట్లుంటదో నేను చెప్పనక్కరలేదు. కానీ మనిషి ఎత్తును బట్టి ఎండ మారుతదని అప్పటిదాకా నాకు తెల్వదు. తారు రోడ్డు మీద నిలబడ్డప్పుడు నా మొకానికి తగిలే సెగ వేరు, నా నడుము ఎత్తు లేని పిల్ల మొకానికి తగిలే సెగ వేరు. ఒకసారి దాని బుగ్గలు ఎందుకు అంత ఎర్రగైనయో చూద్దమని వంగి కూసున్న. మొకం మీద పొయ్యి ఊదినట్టయింది. అందుకే వంతెనల కింద, మూసేసిన డాబాల పందిళ్ళ కింద పడుకున్నం. డాబా కుక్కలు తిండి లేక ఎండిపోయి ఉన్నయి. పిల్లలు తినేటప్పుడు మా ఇంటాయన కట్టె పట్టుకొని నిలబడేది.

షాద్‌నగర్ ఇంకా రాకముందే పెద్దదాని చెప్పు పట్టీ తెగింది. ముందు పిన్నీసు పెట్టిన. పిన్నీసు ఊడి కాలికి గీసుకుంది. తర్వాత చీరె కొంగు చింపి పాదానికీ చెప్పుకూ కలిపి కట్టిన. చెప్పుల దుకాణాలన్నీ మూసి ఉన్నయి. జేబులో పైసలున్నా చెప్పులు కొనలేని రోజులవి. ఒక ఊరి దగ్గర ఇంటి ముందట నిలబడ్డ పెద్దాయన చూసి తన మనుమడి చెప్పులు విసిరిండు. దగ్గరికి రాకుండ దూరం నుంచి విసిరిండు. ఆయన భయం ఆయనది. చెప్పులు రెండు వేళ్ళ సైజు పెద్దయి. వాటి మీద కూడ చీరె పేలికలు చుట్టి నడిపించిన.

రాయికల్ టోల్ దగ్గర గేట్లు లేపి ఉన్నయి. ఆ రోజుల్లో టోల్ కూడ బందు పెట్టిన్రు. నీళ్ళ నల్లా ఉంటే సీసాలు నింపుకొని పిల్లలకు స్నానం పోసిన. చిన్నోడు నీళ్ళల్లో చప్పట్లు కొట్టిండు. ఆ పూట బాగనే ఉన్నడు.

బాలానగర్ దాటినంక మొదలయింది. పొద్దుటి నుంచి వాడు మూత్రం పోయలేదని నాకు ఎండెక్కినంక గుర్తుకొచ్చింది. లాగు పొడిగా ఉంది. పాలు లేవు, అటుకులు మింగుతలేడు, నీళ్ళు తాగిస్తే కక్కుతున్నడు. ఏడుస్తున్నడు గానీ కంట్ల నీళ్ళొస్తలేవు. కండ్లు లోపలికి పోయినయి. పొట్ట మీది చర్మం చిటికెడు పట్టి ఇడిస్తే అట్లనే నిలబడ్డది. ఊర్లో ఆశా అక్క మా అందరినీ కూసోబెట్టి చెప్పింది ఇదే గురుతు. లీటరు నీళ్ళకు చిన్న చెంచాతోని ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపి కొంచెం కొంచెంగ తాగించాలె. చక్కెర, ఉప్పు అందుకే పట్టుకున్న. చెంచా లేదు. సీసా మూతతోని అందాజు మీద కలిపిన. ఒక్కసారి పోస్తే కక్కుతడని చీరె చెంగు తడిపి నోట్లో పెట్టి చీకించిన. నాలుగు చుక్కలు పోవుడు, కాసేపు ఆగుడు, మళ్ళ నాలుగు చుక్కలు. వంతెన నీడలో ఎంతసేపు కూసున్నమో తెల్వదు. ఏడుపు ఆపిండు. ఏడుపు ఆగుడే నాకు ఎక్కువ భయమైంది. వాని మెడ నిలుస్తలేదు, నా మోచేతి మీదికెల్లి వెనక్కు వాలుతున్నది. పెద్దది "తమ్ముడు పన్నడా" అన్నది. పన్నడు బిడ్డా అన్న.

మా ఇంటాయన రోడ్డు నడిమధ్యకు పోయి చేతులు చాపి నిలబడ్డడు. రెండు లారీలు హారన్ కొట్టి పక్కకెల్లి పోయినయి. మూడోది ఆగింది. ఉల్లిగడ్డల లోడు. డ్రైవర్ ఉత్తరాది మనిషి. బూతులు తిట్టుకుంట దిగి, పిల్లోన్ని చూసి తిట్లు ఆపిండు. "బచ్చోంకో లేకే కహా జా రహే హో" అన్నడు. అదే మాట, హిందీలో. సరుకు బండ్లలో మనుషులను ఎక్కిస్తే కేసు పెడుతున్నరని, తల్లీ పిల్లలైతే క్యాబిన్లో కింద కూసోబెట్టుకుంటనని, మొగాయన వద్దని అన్నడు. అక్కడే తేల్చుకోవాలె. మా ఇంటాయన సంచిలో నుంచి పైసలు తీసి నా చేతిలో పెట్టి "జడ్చర్లలో దిగు, నేనొస్త" అని నన్ను పైకి ఎక్కించిండు. ఆయన ఫోన్లో చార్జింగ్ లేదు. ఎక్కడ కలుస్తమో చెప్పుకోలే. లారీ కదిలినంక అద్దంలో చూస్తే రోడ్డు మీద ఉన్నడు, వంగి సంచి ఎత్తుకుంటున్నడు.

నడిస్తే పూట పట్టే దారి లారీకి ఎంతసేపో కాలే. డ్రైవర్ తన సీసాలోని గ్లూకోజు నీళ్ళు ఇచ్చిండు. ఊరు రాకముందే, పోలీసులుండే చౌరస్తాకు ఇవతల దింపిండు. పైసలియ్యబోతే చెయ్యి అడ్డం పెట్టిండు. ఆయన పేరడగలే. లారీ నంబర్ చూడలే.

కనబడ్డ ఒకామెను దవాఖాన ఎటని అడిగితే, దగ్గర్లోనే ఆర్‌ఎంపీ డాక్టర్ ఇల్లుందని చూపింది. ఆయన షట్టర్ సగం లేపి లోపలికి పిలిచిండు. మొకానికి తువ్వాల కట్టుకున్నడు. నరం దొరకలేదు. ఒక చెయ్యి, ఇంకో చెయ్యి, కాలు. సూది గుచ్చినా చిన్నోడు ఏడ్వలేదు. పాదం మీద దొరికింది. సీసా సగం ఎక్కినంక వాడు ఒక్కసారి కాలు గుంజి పెద్దగ ఏడ్చిండు. డాక్టర్ "ఏడ్వనియ్ ఏడ్వనియ్" అన్నడు. చీకటి పడ్డంక నా ఒడి తడిసింది. మూత్రం పోసిండు. నేను లేవలే, చీరె మార్చలే. ఆ తడి ఆరిందాక అట్లనే కూసున్న.

ఆయనకు ఇన్నూరు ఇచ్చిన. వంద వెనక్కు ఇచ్చిండు. ఆ రాత్రి మూసిన దుకాణం అరుగు మీద, హైవే కనబడేటట్టు, ఇద్దరినీ చెరో దిక్కు పండబెట్టుకొని కూసున్న. రోడ్డు మీద నడిచొచ్చే ప్రతి మనిషి మా ఇంటాయన లెక్కనే కనబడ్డడు. వచ్చేటోళ్ళు చానామందే ఉండె. కర్నూలు దిక్కు పోయేటోళ్ళు, రాయచూరు దిక్కు పోయేటోళ్ళు. ఒకామె నెత్తి మీద మూట, మూట మీద పిల్ల. పొద్దు పొడిచినంక మా ఆయన కనబడ్డడు. రాత్రంతా ఆగకుండ నడిచిండు. చెప్పులు చేతిలో పట్టుకున్నడు, పాదాలు వాచి వాటిల్లో పట్టలే. చిన్నోన్ని చూడంగనే మాట్లాడకుండ వాని పొట్ట మీద చర్మం పట్టి ఇడిసి చూసిండు. వంతెన కింద నేను చేస్తుంటే చూసిండు గదా, నేర్చుకున్నడు.

జడ్చర్ల నుంచి మహబూబ్‌నగర్, అక్కడి నుంచి దేవరకద్ర దాకా చెప్పేటందుకు పెద్దగ ఏం లేదు. కొంత దూరం ఎరువుల ట్రాక్టరోళ్ళు ఎక్కించుకున్నరు. మిగతాది నడిచినం. ఊర్ల ముందట ముండ్లకంపలు అడ్డం వేసి ఉన్నయి. బయటోళ్ళు రావొద్దని అట్టల మీద రాసి కట్టిన్రు. ఊర్లు తప్పించి పొలాల గట్ల మీదికెల్లి పోయినం. యాసంగి వరి కోతలకొచ్చి ఉంది. పెద్దది గట్టు మీద బాగ నడిచింది. తారు రోడ్డు కంటె మెత్తగుందన్నది.

మా ఊరికి కూడ కంప వేసి ఉంది. మా పాలోళ్ళ పిలగాండ్లే కావలి ఉన్నరు. లోపలికి రానియ్యలే. సర్పంచ్, పంచాయతీ కార్యదర్శి వచ్చి మాట్లాడి, 14 రోజులు సర్కారు బడిలో ఉండుమన్నరు. ఇది అన్యాయమని నేననను. నేనే ఊర్లో ఉంటే నేనూ కంప వేసేదాన్నే. అత్తమ్మ గోడ అవతల నిలబడి, కండ్లు కనబడక, "పిల్లలేరి? పిల్లలేరి?" అని మా గొంతుల దిక్కు మొకం తిప్పింది. నర్సమ్మ జ్వరం చూసి, చిన్నోని పాదం మీద సూది గురుతు చూసి, "ఇంత చిన్న పిల్లలను ఎట్ల నడిపిచ్చిన్రమ్మా ఎండల్ల?" అన్నది. అప్పటికి ఆ మాట ఎన్నిసార్లు విన్ననో. ఆమెకు మాత్రం గట్టిగ జవాబు చెప్పిన: "ఆడనే ఉంటే ఏం పెట్టాలె అక్కా?" ఆమె ఏమనలే. మరుసటి రోజు అంగన్‌వాడీ టీచర్‌తోని బాలామృతం ప్యాకెట్, కోడిగుడ్లు పంపింది.

ఆ బడిలో ఉన్నప్పుడే ఫోన్లో చదివిన. మేము నడిచిన ఆ వారంలోనే, ములుగు జిల్లా మిరప తోటల్లో కూలికొచ్చిన పన్నెండేండ్ల పిల్ల ఒకతి, తనోళ్ళతోని ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లాకు అడవి దారి పట్టి నడుచుకుంట పోయి, ఏప్రిల్ 18న చనిపోయింది. ఇల్లు ఇంకో పూట నడక లోపే ఉందట. మా ఇంటాయనకు చదివి వినిపించలే. మార్చి 31 నాడే సుప్రీంకోర్టులో కేంద్రం తరఫున, ఆ పొద్దు పదకొండింటికి రోడ్ల మీద నడుస్తున్నోళ్ళు ఎవ్వరూ లేరని చెప్పిన్రన్న సంగతి ఇంకా తర్వాత తెలిసింది. సెప్టెంబర్‌లో పార్లమెంటులో కోటి మందికి పైగా వలస కూలీలు సొంతూర్లకు పోయిన్రని లెక్క చెప్పిన్రు. దార్ల చనిపోయినోళ్ళ లెక్క మాత్రం తమ దగ్గర లేదన్నరు. హాజరీ పుస్తకం రాసినదాన్ని గనుక నాకు తెలుసు. పేరు రాయకపోతే ఆ రోజు ఆ మనిషి పనికి రానట్టే.

మే 1న లింగంపల్లి నుంచి జార్ఖండ్‌కు వలస కూలీల మొదటి రైలు పోయింది. మా సైటుకు దగ్గరి స్టేషనే. మే 19 నుంచి జిల్లాల్లో ఆర్టీసీ బస్సులు తిరిగినయి. అప్పటిదాకా ఆగితే మూడు నాలుగు గంటల్లో కూసొని వచ్చేటోళ్ళు గదా అని మా ఆడబిడ్డ ఇప్పటికీ అంటది. ఆగలేకపోతుంటిమి. నీళ్ళు లేని కాడ, బియ్యం లేని కాడ, ఇద్దరు పిల్లలతోని ఇంకో నెల ఉండుడు నడిచే దానికంటె మంచిదని నేను అనుకోను. చిన్నోడు వంతెన కింద అట్లయినప్పుడు కూడ అనుకోలే.

పెద్దది ఆ ఎండాకాలమంతా బయటికి పోదామంటే "నడిచి పోవాల్నా, ఎక్కి పోవాల్నా" అని ముందే అడిగేది. బొటనవేలి గోరు ఊడి కొత్తది వచ్చే సరికి వానలు పడ్డయి. చిన్నోనికి ఏం గుర్తు లేదు. లారీ కనబడితే మాత్రం ఉల్లిగడ్డ లారీ అంటడు. అక్క చెప్పింది విని అంటున్నడు.

దీపావళి దాటినంక మేస్త్రీ ఫోన్ చేసిండు. ఏం కానట్టే మాట్లాడిండు. ఆగిన పైసల్లో సగం ఇస్త, పనికి రమ్మన్నడు. పిల్లలను ఈసారన్న అత్త దగ్గర ఇడిసి పో అని ఊరంతా చెప్పింది. బడులు ఇంకా తెరవలే, అత్తమ్మ కండ్ల ఆపరేషన్ కాలే. ఇద్దరినీ తీస్కపోతనన్న. సగం పైసలు ముందు చేతికొస్తేనే బస్సెక్కుతనని మేస్త్రీకి చెప్పిన. నవ్విండు. రెండు రోజులకు ఫోన్‌లో వేసిండు. అందులో నుంచి కొంత తీసి పక్కకు కట్టి పెట్టుకుంటుంటే మా ఇంటాయన, "దారి ఖర్చులకా? బస్సులే బందైతే ఆ పైసలు ఏం పనికొస్తయి?" అన్నడు. దేవరకద్రలో బస్సు ఎక్కేముందు ఆ పైసలతోని పిల్లలిద్దరికీ వెనక పట్టీ ఉన్న చెప్పులు కొన్న. అంగట్లో అటూ ఇటూ నడిపించి, వేలు పెట్టి సైజు చూసి మరీ కొన్న. మిగిలింది చీరె చెంగున కట్టుకున్న.